స్టార్టర్ డబ్బాలో సాలెపురుగు

మా బాపు గెట్టు చెక్కని మనిషి. మా దిక్కు రైతులకు ఈ ఒక్క మాట చెబితే చాలు, ఆయన ఎలాంటివాడో వేరే చెప్పక్కర్లేదు. రెండు చేన్ల మధ్య ఉండే గట్టును మేం గెట్టు అంటాం. దుక్కి దున్నిన ప్రతిసారీ దాన్ని పారతో ఒక జానెడు చెక్కి తమ చేనులో కలుపుకొనేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. పదేళ్లు తిరిగేసరికి ఆ గెట్టు ఎంత సన్నబడుతుందంటే దాని మీద నడవడానికి మేక కూడా ఒకసారి ఆలోచిస్తుంది. బాపు తన వైపు చెక్కలేదు, అవతలివాళ్లు చెక్కుతుంటే ఊరుకోనూ లేదు. అందుకే ఇబ్రహీంపట్నం నుంచి బొంగులూరు వైపు పోయే దారిలో ఉన్న మా రెండెకరాల చుట్టూ గెట్టు ఇప్పటికీ ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత వెడల్పు ఉంటుంది.

ఆ గెట్టులో సాలెపురుగులు ఉంటాయి. ఇంటి మూలల్లో గూడు కట్టే బక్క సాలెపురుగులు కావు. కాళ్లు చాపితే నా అరచేతిని కప్పేంత పెద్దవి. ఒళ్లంతా మట్టిరంగు నూగుతో, నేలలో బొరియ చేసుకొని ఏళ్లకేళ్లు ఒకేచోట బతుకుతాయి. పుస్తకాల్లో టరాంటులా అని రాస్తారు. మా ఊళ్లో పెద్ద సాలెపురుగు అనే అంటారు, అని చేతులు కడుక్కుంటారు.

ఏ బొక్క ఎవరిదో నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఎలుక బొక్క ముందు తోడిన మట్టి కుప్పగా పడి ఉంటుంది. ఎండ్రికాయ బొక్క తడి ఉన్నచోట, చుట్టూ బురద గోలీలతో ఉంటుంది. సాలెపురుగు బొక్క రూపాయి బిళ్లంత గుండ్రంగా, శుభ్రంగా ఉంటుంది. లోపలి అంచుకు తెల్లటి పలుచని గుడ్డ అతికించినట్టు దారంతో అల్లుకుంటుంది. మూతి దగ్గర నాలుగు దారాలు బయటికి పరిచి పెడుతుంది. ఏ మిడతో వాటిని తొక్కితే లోపలున్నదానికి కబురు అందుతుంది. గడ్డిపోచతో ఆ దారాన్ని కదిపితే ముందు రెండు కాళ్లు బయటికి వస్తాయి. వచ్చింది మిడత కాదని తెలియగానే అవి వెనక్కి పోతాయి. నా సెలవులు సగం ఆ గెట్టు మీద బోర్లా పడుకొనే గడిచాయి. అమ్మ తిట్టేది. బాపు మాత్రం నవ్వేవాడు.

"సూసుకోనియ్యే. సాలెపురుగే ఓర్సుకుంటున్నది, నీకేం కష్టం?" అనేవాడు.

ఆ పిచ్చితోనే జువాలజీ చదివాను. ఇప్పుడు శేరిగూడ దిక్కు ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పెళ్లయింది కానీ ఊరు దాటలేదు. అమ్మవాళ్లింటికీ మా ఇంటికీ మధ్య రెండు సందులే. కాలేజీలో నన్ను వెనకాల సాలెపురుగుల మేడం అంటారని నాకు తెలుసు. నాకు ఆ పేరు ఇష్టమే. సాలెపురుగుల పాఠం వచ్చిన రోజు పుస్తకం మూసేసి చెప్పేదాన్ని. దాదాపు అన్ని సాలెపురుగులకూ విషం ఉంటుంది, కానీ విషం ఉండటం వేరు, మనిషిని పడగొట్టేంత ఉండటం వేరు అనేదాన్ని. గోడ మీద క్యాలెండరు వెనక నుంచి ఉరికే చదునైన సాలెపురుగును చూసి కేకలు పెడతారు కదా, అది మీ ఇంట్లో బొద్దింకల్ని తింటుంది, దానికి దండం పెట్టండి అనేదాన్ని. ముసలి చింతచెట్టు తొర్రలో ఉండేవాటి గురించీ, రెండు చెట్ల నడుమ పసుపు దారంతో గూడు కట్టేవాటి గురించీ చెప్పేదాన్ని. చివర మా గెట్టు సంగతి చెప్పేదాన్ని. పెద్దదిగా, వెంట్రుకలతో ఉన్నంత మాత్రాన చెడ్డదైపోదని చెప్పి, క్లాసులో అందరికంటే ఎత్తుగా ఉన్న పిల్ల వైపు చూస్తే అందరూ నవ్వేవాళ్లు. నేను చెబితే నమ్మనివాళ్లు ఉండేవాళ్లు కాదు. నాకూ అదే అలవాటైపోయింది.

మా చేను చుట్టూ ఇప్పుడు వెంచర్లు. ఒకప్పుడు జొన్న పండిన చెలకల్లో జేసీబీలు తిరిగి, నేలంతా చదును చేసి, తెల్లసున్నం వేసిన రాళ్లు పాతారు. గెట్లు లేవు, కాబట్టి సాలెపురుగులూ లేవు. మా నాలుగు దిక్కుల గెట్టులో మాత్రం వాటి కాపురం సాగుతూనే ఉంది. వాటిలో అన్నిటికంటే పెద్దది బోరు దగ్గర ఉంటుంది. రెండు రాతి కడీలు పాతి, వాటికి రేకు కొట్టి, మోటరు స్టార్టర్ డబ్బా బిగించాడు బాపు. ఎడమ కడీ మొదట్లో దాని బొరియ. నేను ఇంటర్ చదివేటప్పటి నుంచీ అది అక్కడే ఉంది. ఆడవి అన్నేళ్లు బతుకుతాయి.

మొన్నటేడు శ్రావణంలో రెండు రోజులు విడవకుండా వాన కొట్టింది. శుక్రవారం నుంచే బాపు నెత్తి ఒక దిక్కు గుంజుతున్నదని అంటున్నాడు. వానలో తడిశాడు కదా, జలుబు చేస్తుందేమో అనుకున్నాం. శనివారం సాయంత్రం వాన తెరిపి ఇచ్చాక, స్టార్టర్ ఏమైనా తడిసిందేమో చూద్దామని చేనుకు పోయి డబ్బా తెరిచాడు. లోపలి నుంచి పెద్ద సాలెపురుగు ఆయన చేతి మీదుగా ఉరికి కడీ వెనక్కి పోయింది. బొరియలోకి నీళ్లు వచ్చి పైకి ఎక్కి ఉంటుంది. ఆదివారం పొద్దున్నకల్లా బాపు నుదుటి మీద, ఎడమ దిక్కు, ఎర్రటి పొక్కులు లేచాయి.

"సాలెపురుగు పాకింది," అంది అమ్మ, పొక్కుల్ని ఒక్క చూపు చూసి. "ఆ చెయ్యితోనే మొకం తుడుసుకున్నడు గావచ్చు. జాజు రాస్తే తగ్గుతది."

మా దిక్కు ఒంటి మీద కారణం తెలియని పొక్కులు లేస్తే సాలెపురుగు పాకిందనడం, జాజు అనే ఎర్రమట్టి రాయి నూరి పూయడం తరాల నుంచీ ఉన్నదే. నేను ఆ నమ్మకాన్ని క్లాసులో ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్క లేదు. ఆరోజు మాత్రం వెక్కిరించలేదు. బాపు చెయ్యి మీదుగా ఉరికింది మామూలు సాలెపురుగు కాదు, నాది. ఫోను పట్టుకొని చేనుకు పరుగెత్తాను. అది కడీ వెనక, తడి రాయికి అతుక్కొని ఉంది. అన్నేళ్లుగా కాళ్లు తప్ప చూడనిదాన్ని పగటి వెలుతురులో మొత్తంగా చూడటం అదే మొదటిసారి. అరగంట సేపు ఫొటోలు తీశాను. సిగ్గుతో చెబుతున్నాను, ఆ వారమంతా బాపు నుదుటిని చూసినదానికంటే ఆ సాలెపురుగును ఎక్కువసేపు చూశాను.

ఇంటికొచ్చి తీర్పు చెప్పాను. అమ్మ చెప్పింది నిజమే, కానీ అమ్మకు తెలియని శాస్త్రం ఇందులో ఉంది అన్నాను. ఈ సాలెపురుగుల ఒంటి మీద సన్నటి వెంట్రుకలు ఉంటాయి, బెదిరితే కాలితో రాల్చి విసురుతాయి, అవి చర్మానికి గుచ్చుకుంటే మంట, దద్దు, పొక్కులు, నాలుగు రోజుల్లో అవే పోతాయి. ఎక్కడో ఒక వీడియోలో చూసిన సంగతి అది. కళ్లతో చూసినంత నమ్మకంగా చెప్పాను. అమ్మ జాజు, నా శాస్త్రం ఒకేమాట మీదికి వచ్చేసరికి ఇంట్లో ఇంకెవరికీ అనుమానం రాలేదు. అమ్మ సానరాయి మీద జాజు నూరి బాపు నుదుటికి పట్టించింది. దాని మీద నేను మందుల షాపులో తెచ్చిన దురద మలాము ఒకటి.

సోమవారం కాలేజీకి పోతూ చూసొద్దామని వెళ్లాను. బాపు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. నేను చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా పిలిచాడు.

"బిడ్డా, లోపల సూదులు పెట్టి కుట్టినట్టయితున్నది. ఒకపారి దవాఖానకు పోదామా?"

బాపు తనంత తాను దవాఖాన పేరు ఎత్తడం నేను ఎప్పుడూ వినలేదు. కాలి మీద గొడ్డలి పడ్డప్పుడు పసుపు అద్ది గుడ్డ చుట్టుకొని చేనుకు పోయిన మనిషి. అలాంటివాడు అడిగాడంటే ఎంత బాధ ఉంటే అడుగుతాడు? ఆ ప్రశ్న నాకు ఆ పొద్దున రాలేదు. నేను నవ్వాను.

"ఏందే బాపు, సాలెపురుగుకు భయపడ్డవా? మన దిక్కు సాలెపురుగులు మనుషుల్ని ఏం చెయ్యవ్. ఫికర్ చెయ్యకు, గురువారం దాకా సూడు."

ఆయన కూడా నవ్వాడు. "నీకెరుక గద," అన్నాడు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మంగళవారం పొక్కులు కనుబొమ్మ దాటి కిందికి దిగితే, చేత్తో రుద్దుకుంటున్నావు అందుకే పాకుతున్నాయి అన్నాను. బుధవారం కన్ను పూర్తిగా మూసుకుపోతే, వాపు తగ్గేముందు ఇలాగే పెరుగుతుందన్నాను. బాపు రాత్రుళ్లు నిద్రపోవడం లేదని అమ్మ చెబితే, దురదకు నిద్ర ఎట్లా పడుతుంది అన్నాను. అన్నిటికీ నా దగ్గర జవాబు ఉంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

గురువారం మాకు సెలవు. టమాట చేన్లో కలుపు తీయిస్తున్నాం. మా దగ్గర ఏళ్ల నుంచీ పని చేసే అక్క ఒకామె ఉంది. చెరువు మీద చేపలు పట్టే ఇంటి మనిషి. చేపలున్నన్నాళ్లు బుట్ట ఎత్తుకొని అంగడికి పోతుంది, లేనప్పుడు మా చేనుకు కలుపుకు వస్తుంది. పది రోజుల తర్వాత ఆరోజే వచ్చింది. ఇంట్లో కూర్చోలేక బాపు కూడా కన్ను మూసుకొనే చేనుకు వచ్చి, గెట్టు మీద నెత్తి పట్టుకొని కూర్చున్నాడు. ఆమె కొడవలి పక్కన పెట్టి ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"పటేలా, జర మొకం ఇటు తిప్పు," అంది.

సీసాలో నీళ్లతో చీర చెంగు తడిపి, నుదుటి మీది జాజును మెల్లగా తుడిచింది. నాలుగు రోజుల నుంచీ ఆ జాజు కింద ఏముందో నేను సరిగ్గా చూడలేదు. ఆమె చూసింది.

"టీచరమ్మా, ఇట్ల రా. ఈ దిక్కు గిన్ని పొక్కులున్నయి, ఆ దిక్కు ఒక్కటి లేదు. నడుమల దారం పట్టి గీసినట్టున్నది. సాలెపురుగు గెట్టు సూసుకొని నడుస్తదా?"

నేను వంగి చూశాను. నుదుటి నడిమధ్య నుంచి ముక్కు దాకా నిట్టనిలువు గీత. గీతకు ఎడమవైపు మాడిపోయిన పొక్కులు, కుడివైపు నున్నటి చర్మం. వెంట్రుకలు రాలినా, సాలెపురుగు పాకినా, జాజు కారినా అలా సగానికి ఆగవు. ఒక్కసారి చూస్తే ఎవరికైనా తెలిసేదే.

"మా అత్తకు నడుముకు గిట్లనే సగం దిక్కు వచ్చె. సర్పి అన్నరు," అంది ఆమె. "మొకానికి రాదని ఎవలు చెప్పిండ్రు? ముక్కు కొసకు సుత పొక్కున్నది. ఇయ్యాలనే కండ్ల డాక్టరుకు సూపెట్టుర్రి."

సర్పి అంటే నడుముకో రొమ్ముకో పట్టీలా వచ్చేదనే మా ఊళ్లో అందరికీ తెలుసు. దాన్ని గురించి హెర్పిస్ జోస్టర్ అనే పేరుతో పుస్తకంలో చదివిన నాకు అది ముఖానికి కూడా వస్తుందని తెలుసు. తెలిసీ తట్టలేదు. నా కళ్ల నిండా స్టార్టర్ డబ్బా సాలెపురుగే ఉంది.

కారు మాట్లాడుకొని హయత్‌నగర్‌లో ఒక కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. అమ్మ ఇంటి దగ్గరే ఉంది. డాక్టరమ్మ బాపు రెప్పల్ని మెల్లగా విడదీసి చుక్కలు వేసి, గడ్డాన్ని మిషను మీద ఆనించి చాలాసేపు చూసింది. పొక్కుల కంటే ముందే నొప్పి వచ్చిందా అని అడిగింది. శుక్రవారం నుంచే అన్నాడు బాపు. సాలెపురుగు శనివారం కదా వచ్చింది అని నాకు అప్పుడు తట్టింది. కారణం ముందు, ఫలితం తర్వాత అని పిల్లలకు చెప్పేదాన్ని నేనే.

"చిన్నప్పుడు అమ్మవారు పోసిందా తాతా?" అని అడిగింది ఆమె.

"పోసింది. ఆరేడేండ్లప్పుడు."

"అదే ఇది. అప్పుడు పోయిందనుకుంటం గాని పూర్తిగా పోదు. నరం మొదట్లో దాక్కొని ఉంటది. ఒంట్లో బలం తగ్గినప్పుడు అదే నరం పొడుగునా బయటికొస్తది. అందుకే సగం దిక్కే."

"గిన్నేండ్లు లోపల్నే ఉన్నదా? మా గెట్టుల సాలెపురుగు లెక్కనే ఉన్నది," అన్నాడు బాపు.

ఆమె నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి, మొదటి మూడు రోజుల్లో వచ్చి ఉంటే మందు బాగా పనిచేసేది, ఇప్పుడు కంటి నల్లగుడ్డు మీదికి వచ్చేసింది, ఉన్న చూపును కాపాడేందుకు చూద్దాం అంది. గొంతులో ఏ నిందా లేదు. బాపు నా పక్కనే కుర్చీలో ఉన్నాడు. మూడు రోజులంటే ఆదివారం, సోమవారం, మంగళవారం. సోమవారం ఆయన అడిగాడు.

ఇంటికి రాగానే అమ్మ గడపలోనే అడిగింది, డాక్టరు ఏమన్నదని. నేను నోరు తెరిచేలోపే బాపు జవాబిచ్చాడు.

"సాలెపురుగే. పెద్దదైతే గట్లనే అయితదట. మందులిచ్చింది."

నేను కాదనలేదు. అప్పుడు కాదనకపోవడం నా మొదటి తప్పు కంటే పెద్దదని ఇప్పుడు అనుకుంటున్నాను. తెలియక చేసినదానికి తెలియలేదన్న సాకైనా ఉంటుంది.

మందులతో పొక్కులు మానాయి. నొప్పి నెలల తరబడి ఉంది, దువ్వెన తగిలినా ఉలిక్కిపడేవాడు. ఎడమ కంటి మీద తెల్లటి పొర మిగిలింది. ఆ దిక్కు వెలుగు తెలుస్తుంది, మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరన్నది తెలియదు. చాయ్ గ్లాసును అరుగు అంచు మీద పెడుతున్నాననుకొని గాలిలో వదిలేసేవాడు. మోపెడ్ తాళంచెవి గూట్లో పెట్టి మళ్లీ తీయలేదు. చేనుకు నడిచిపోతుంటే ఎడమవైపు నుంచి లారీ హారన్ కొడితే ఒళ్లంతా తిప్పి చూడవలసి వచ్చేది.

చూడటానికి చుట్టాలు వచ్చేవాళ్లు. సాలెపురుగు ఒక్కో నోట్లో ఒక్కో కొలత పెరిగి అరచేయంత నుంచి పళ్లెమంత అయింది. నేను వాళ్లకు చాయ్ ఇచ్చి వంటింట్లోకి పోయేదాన్ని. ఆ నెలలోనే ఒకరోజు సెల్‌ఫోన్లో అసలు సంగతి వెతికి చదివాను. వెంట్రుకలు విసిరే పెద్ద సాలెపురుగులు ఉన్నాయి, అవి అమెరికా ఖండాలవి. మన దేశపువాటికి ఆ విద్యే లేదు. బెదిరితే కాళ్లెత్తి నిలబడతాయి, మరీ మీదికి పోతే కరుస్తాయి, అంతే. మా గెట్టు మీద ఇన్నేళ్లు బోర్లా పడుకొన్నదాన్ని, మా సాలెపురుగు గురించి పరాయి సాలెపురుగు కథ చెప్పాను. ఆ ఏడు క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు పుస్తకం తెరిచి, ఉన్నది ఉన్నట్టు చదివి ముగించాను. సాలెపురుగుల కథ చెప్పలేదేంటి మేడం అని పిల్లలు అడిగితే సిలబస్ మిగిలిపోయిందన్నాను.

దసరా పోయాక ఒక ఆదివారం పొద్దున చేనుకు వెళ్లేసరికి గెట్టు మీద పొయ్యి పెట్టి ఉంది. మూడు రాళ్ల మీద పెద్ద గంజులో నీళ్లు మరుగుతున్నాయి. పక్కన గుళికల మందు ప్యాకెట్టు. అమ్మ కొంగు బిగించి నిలబడింది. కలుపు అక్క చేతిలో చెంబు ఉంది. మూడు బొక్కల్లో అప్పటికే పోసేశారు. మూతి దగ్గర దారపు అల్లిక తడిసి ముద్దయి, మట్టికి అంటుకుపోయి ఉంది.

"ఒక్కటి మిగలొద్దు," అంటోంది అమ్మ. "మనిషి కన్ను తిన్నయి. ఆ బోరు కాడిది ముందుగాల సావాలె."

అక్క చెంబు ముంచలేదు. నా వైపు చూసింది. ఆమెకు ముందు నుంచీ తెలుసు, డాక్టరు సాలెపురుగని చెప్పి ఉండదని.

"పోస్త పటేలమ్మ, పొయ్యమంటే నాదేం పోయింది," అంది. "అయితె టీచరమ్మను సుత ఒక మాట అడుగుదం. గీటి సంగతి ఆమెకెరుక గద."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నేను చేసినదానికి అవి చస్తున్నాయి. నేను గంజుకూ బోరుకూ నడుమ నిలబడ్డాను.

"అమ్మా, ఆగు. బాపు కన్ను సాలెపురుగు తియ్యలే. అది సర్పి. డాక్టరు ఆ దినమే చెప్పింది. మూడు దినాలల్ల వస్తే కన్ను బాగుంటుండె అన్నది. సోమవారం బాపు దవాఖానకు పోదామన్నడు. నేనే నవ్విన. నేనే వద్దన్న."

పొయ్యి కింద కట్టె చిటపటలాడుతోంది. అమ్మ నా దిక్కు తిరిగింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"సదువు రానిదాన్ని, నేను జాజు రాసిన," అంది చివరికి. "నాకు గంతే తెలుసు. నీకేమాయె?"

టమాట మొక్కల్లోంచి బాపు వచ్చాడు. ఆయన అంతా విన్నాడు.

"ఊకోయే. నాకెర్కనే. డాక్టరమ్మ చెప్పంగ నేను పక్కనే ఉన్న గద," అన్నాడు.

"మరి సాలెపురుగని ఎందుకు చెప్పినవ్?" అంది అమ్మ.

బాపు గంజును ఒక చూపు చూసి, నన్ను చూశాడు. నన్ను చూడటానికి మెడ పూర్తిగా తిప్పవలసి వచ్చింది, నేను ఆయనకు ఎడమవైపు ఉన్నాను.

"సాలెపురుగును అంటే దానికేం నామోషి? అది నలుగురిల తిరగదు, పిల్లలకు సదువు చెప్పదు," అన్నాడు.

నేను ఏడ్చాను. ముప్పై ఆరేళ్లదాన్ని, కలుపు అక్క ముందు, గెట్టు మీద కూర్చొని చిన్నపిల్లలా ఏడ్చాను. అక్క గంజును గుడ్డతో పట్టి దించి, వేడినీళ్లను బండ్లబాట పక్కకు పారబోసింది. గుళికల ప్యాకెట్టును అమ్మ తన చేత్తోనే సంచిలో వేసుకుంది. పది రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు ఒక సీసాలో టమాట తొక్కు పంపించింది. మాట మాత్రం మరో వారానికి గాని కలవలేదు.

ఈ ఏడు పిల్లలకు ఆ పాఠం మళ్లీ పుస్తకం మూసి చెప్పాను. గెట్టు, బొరియ, దారం, అన్నీ చెప్పి, చివర మా బాపు కన్ను ఎట్లా పోయిందో కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ పిల్ల ఒకామె లేచి, అప్పుడు మీరేం చేయాల్సింది మేడం అని అడిగింది. ఆయన అడిగినప్పుడే దవాఖానకు బయలుదేరాల్సింది అన్నాను.

మొన్న ముసురు పట్టి రెండు రోజులు వాన కురిసింది. పొద్దున్నే బాపు మోటరు చూద్దామంటే ఇద్దరం చేనుకు పోయాం. బోరు కాడి బొరియలో మళ్లీ నీళ్లు. బాపు కట్టెతో స్టార్టర్ డబ్బా మీద రెండుసార్లు కొట్టి, కాసేపు ఆగాడు. ఇప్పుడు ఎప్పుడు తెరిచినా అట్లాగే చేస్తాడు, దానికి జరగడానికి వ్యవధి ఇస్తాడు. తర్వాత రేకు తలుపు తెరిచి, చెయ్యి పెట్టకుండా నన్ను అడిగాడు.

"ఉన్నదా బిడ్డా?"

నేను వంగి చూశాను. వైర్ల మధ్య దుమ్ము, రెండు ఎండిన మిడత రెక్కలు. అది కనిపించలేదు.

"లేదు బాపు."

"నువ్వు సూసి చెప్పినంక నాకేం ఫికర్," అని ఆయన లోపలికి చెయ్యి చాచాడు.

నేను ఆయన మణికట్టు పట్టుకొని ఆపాను. ఫోను లైటు వేసి, ఆయన ఎడమ దిక్కు మూలలోకి ఇంకోసారి వంగి చూశాను.